పత్తి గదిలో రికార్డు చేసిన గిటార్

మా బ్యాండు గురించి ఎవరెవరినో అడిగారు. నన్ను మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. ఇక అడగరని తేలిపోయింది కాబట్టి నా అంతట నేనే రాస్తున్నాను.

ఈ మధ్య ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు మా కీబోర్డు మిత్రుణ్ణి సోఫాలో కూర్చోబెట్టి ముచ్చట పెట్టించారు. అటు పక్కన డ్రమ్మరు, ఇటు పక్కన పాటగాడు. "అసలు మీ బ్యాండ్ ఎట్ల మొదలైంది అన్నా?" అని యాంకరమ్మ అడిగింది. వాడు వెనక్కి వాలి కూర్చుని, "ఏముంది చెల్లే, వనపర్తిల చదువుకునేటప్పుడు ముగ్గురం దోస్తులం కలిసి షురూ చేసినం" అన్నాడు. డ్రమ్మరు తల ఊపాడు. పాటగాడు నవ్వాడు.

గద్వాలలో నాకు మోటార్లు బాగుచేసే షాపు ఉంది. ఆ సమయానికి ఒక బోరు మోటారుకు రాగి తీగ చుడుతూ ఫోనులో ఆ వీడియో వింటున్నాను. ఆ ముక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ముగ్గురం అనే అన్నాడు. చుట్ల లెక్క తప్పి, చుట్టిందంతా విప్పి మొదటి నుంచి చుట్టాల్సి వచ్చింది.

మేము నలుగురం. కీబోర్డు వాయించేవాడిది అయిజ. పత్తి రైతుల కుటుంబం. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను వాణ్ణి బావ అంటాను, వాడూ నన్ను అదే పిలుపు పిలుస్తాడు. డ్రమ్మరుది వనపర్తే, వాళ్ల నాన్నకు బస్టాండు దగ్గర టైర్ల దుకాణం. అతను మా అందరికీ భాయ్. పాటగాడిది బిజినేపల్లి. గిటార్ నాది. మాది మానవపాడు.

ఆ గిటార్ సంగతి కూడా చెప్పాలి. కర్నూలులో పాత సామాన్ల దుకాణంలో కొన్నాను. తీగలు మీటితే చెక్క చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద ఒక చిన్న కాయిల్ ఉంటుంది. తీగ కదలికను పట్టి కరెంటుగా మార్చి స్పీకరుకు పంపేది అదే. అది కాలిపోయింది. అప్పుడు ఈ షాపు మా మేనమామది. ఆయన దగ్గర దొరికిన అన్నిటికన్నా సన్న తీగతో, రెండు సార్లు తెంపి, మూడోసారికి నేనే కాయిల్ చుట్టాను. శబ్దం వచ్చింది. అయితే అది కంపెనీ గిటార్ శబ్దం కాదు. బొంగురుగా, గీరినట్టుగా, చివర కొంచెం వణుకుతూ వచ్చింది.

"గొంతు పోయిన మేకపోతు లెక్కున్నది యార్" అన్నాడు భాయ్.

"గదే మంచిగున్నది, ముట్టకు బావా, గట్లనే ఉండనీ" అన్నాడు కీబోర్డు బావ. ఆ మాట అన్నది వాడే. నాకు బాగా గుర్తుంది.

మా పాటలు మా మాటలోనే ఉండేవి. కరెంటు కోత మీద ఒకటి, రాని బస్సు మీద ఒకటి, హాస్టల్ పప్పు మీద ఒకటి. వనపర్తిలో ఒక వినాయక మండపం దగ్గర మొదటిసారి వాయించినప్పుడు ముందు వరుసలోని పెద్దాయన లేచి, "ఇది పాటనా, బోరు మోటరు కాలిందా?" అని అడిగాడు. జనం నవ్వారు. కానీ వెనక నిలబడ్డ పోరగాళ్లు వెళ్లిపోలేదు. రెండో పాటకు ముందుకు వచ్చారు. ఆ పెద్దాయన కూడా కూర్చున్నాడు, చెవులకు తువ్వాల చుట్టుకుని.

ఆ రోజుల్లో నాకు ఒక విదేశీ రాక్ బ్యాండు అంటే ప్రాణం. వాళ్ల మొదటి రికార్డుల్లో గిటార్లు గుండెల మీద గుద్దినట్టు ఉండేవి. తర్వాత వచ్చిన రికార్డులో గిటార్ వెనక్కి పోయి యంత్రపు తాళం ముందుకొచ్చింది. ఆ తర్వాతి దాంట్లో గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. నాకు కోపం వచ్చి, "వీళ్లకు సిగ్గు లేదా బావా, ఉన్న సౌండ్‌ను పాడుచేసుకున్నరు" అన్నాను.

"రోజూ ఒకటే కూర తింటవా?" అన్నాడు వాడు. "ఒక్క తీరుగ ఎన్నేండ్లు వాయిస్తరు? వాళ్లకు ఇసుగు రాదా?"

"మరి ఆ గిటార్ ఆయన ఏం చెయ్యాలె?"

"ఆయన గూడ మారాలె."

ఆ జవాబులో న్యాయం ఉందని అప్పుడే ఒప్పుకున్నాను, ఇప్పుడూ ఒప్పుకుంటాను. బ్యాండు అన్నాక శబ్దం మారుతుంది. వయసు మారుతుంది, వినేవాళ్లు మారతారు, కొత్త సామాను వస్తుంది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు వేరే.

చదువులు అయిపోయాక కూడా మేము కలిసి వాయించాం. పెళ్లిళ్లు, కాలేజీ ఫంక్షన్లు, జాతరలు. ఈలోగా ఊళ్లలోకి డీజేలు వచ్చాయి. బరాత్‌లో ట్రాక్టరు మీద నిలువెత్తు స్పీకర్లు పెట్టి వాయించే శబ్దం ముందు మాది దోమ పాటయింది. బావ ఒక లాప్‌టాప్ కొన్నాడు. భాయ్ డ్రమ్స్ పక్కన పెట్టి, పుల్లలతో కొడితే రకరకాల శబ్దాలు పలికే ప్యాడ్ పట్టాడు. అతని పాత డ్రమ్ముల ఇత్తడి తాళాలు టైర్ల దుకాణంలో మేకుకు వేలాడేవి. నేను గిటార్‌తోనే ఉన్నాను. ముందు నన్ను జర తగ్గించుకొమ్మన్నారు, తగ్గించాను. తర్వాత పాట మొదట్లో మాత్రం వాయించమన్నారు, సరే అన్నాను. స్టేజి మీద నా చోటు నెమ్మదిగా జరుగుతూ జరుగుతూ స్పీకరు వెనక్కి చేరింది. అక్కడి నుంచి జనం కనబడరు, పాటగాడి వీపు కనబడుతుంది.

అలాంటప్పుడు ఒకరోజు బావ ఫోన్ చేసి, "గిటార్ పట్టుకొని అయిజకు రా బావా, మంచిగ రికార్డు చేద్దాం" అన్నాడు. నా సంతోషం చెప్పలేను. బస్సులో గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని వెళ్లాను.

పత్తి తీసిన రోజులవి. ధర పెరుగుతుందేమోనని వాళ్లు పత్తి అమ్మకుండా ఇంట్లోనే పోసుకున్నారు. ఆ వైపు ఇళ్లలో అది మామూలే. ఒక గదిని మొత్తం పత్తికే వదిలేసి, గోడల పొడవునా కప్పు దాకా నింపుతారు. బావ ఆ గది మధ్యలో ఇద్దరు పట్టేంత చోటు చేసి, నా స్పీకరు పెట్టి, ఎదురుగా మైకు నిలబెట్టాడు. తలుపు మూశాడు. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. బజారులో అరుపులు, ఆటోలు, అన్నీ తెగిపోయాయి. మాట నోట్లోంచి రాగానే పత్తి మింగేసింది.

"సౌండ్ ఎండినట్టుండాలె బావా" అన్నాడు. "తడి అంటే ఎకో, గదాన్ని మనం తర్వాత ఎంత గావాలంటే అంత కలుపుకోవచ్చు. ఒక్కొక్క స్వరం మీటు. పూర్తిగ సల్లారినంక ఇంకోటి మీటు."

"పాట వాయించొద్దా?"

"పాట తర్వాత. ముందు స్వరాలు."

మీటాను. మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి. తీగను సాగదీసి, చేత్తో అదిమి, గీరి, అన్ని రకాలుగా. పత్తి దుమ్ముకు ఒళ్లంతా దురద. వేడికి చెమటలు. తలుపు తోసుకుని వాళ్లమ్మ చాయ్ తెచ్చింది.

"బిడ్డా, పత్తి మీద చాయ్ ఒంపేరు, చూస్కోండి. రంగు మారితే కొనెటోడు మొగం తిప్పుకుంటడు."

"ఏం గాదమ్మా."

"పొద్దున్నుంచి ఒకటే తీగ మీటుతుండవు. ఇంగ పాట ఎప్పుడొస్తది?"

నవ్వుకున్నాం. పాట రానేలేదు. సాయంత్రం బస్సుకు నన్ను ఎక్కిస్తూ, "నువ్వు మొత్తం ఇందుల ఉన్నవ్ బావా" అని లాప్‌టాప్ సంచిని తట్టాడు. నేను దాన్ని మెచ్చుకోలనుకున్నాను.

ఆ తర్వాత నాకు ఏ ప్రోగ్రాముకూ ఫోన్ రాలేదు. పెళ్లిళ్లు లేని కాలమేమో అనుకున్నాను. నాగర్‌కర్నూల్‌లో ఒక మోటారు బిగించడానికి వెళ్లినప్పుడు చౌరస్తాలో మా బ్యాండు ఫ్లెక్సీ చూశాను. ముగ్గురూ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డారు. అక్కడికక్కడే భాయ్‌కి ఫోన్ చేశాను.

"బావ నీకు జెప్పలేదా?" అన్నాడు.

"ఏం జెప్పాలె?"

"అరె యార్... నేను ఆయన జెప్పిండనుకున్న. సింగర్ జెప్తనన్నడు అనుకుంటా. పరేషాన్ గాకు, నేను మాట్లాడుత."

ఇంతవరకు మాట్లాడలేదు. ముగ్గురిలో ప్రతివాడూ ఇంకొకడు చెప్పి ఉంటాడని ఊరుకున్నాడు. నన్ను తీసేసినట్టు నాకు ఏ ఒక్కడూ చెప్పలేదు. మా షాపులో కూలికి వచ్చినవాణ్ణి మాన్పించినా ముఖం చూసి ఒక మాట చెబుతాం.

కిందటి పెళ్లిళ్ల కాలంలో మానవపాడులో మా బంధువుల ఇంట్లో పెళ్లి. ఎదుర్కోళ్లప్పుడు మగపెళ్లివాళ్ల డీజేలో మా బ్యాండు కొత్త పాట వేశారు. తాళమంతా యంత్రానిదే. ఆ తాళం మీద ఒక గిటార్ శబ్దం వచ్చింది. బొంగురుగా, గీరినట్టుగా, చివర వణుకుతూ. నేను కుర్చీలోంచి లేచాను. అవి పత్తి గదిలో నేను మీటిన స్వరాలు. వాటిని ముక్కలు చేసి, కీబోర్డు మెట్ల మీద పరిచి, నేను ఎన్నడూ వాయించని పాట వాయించాడు వాడు. వెయ్యి మంది ఉన్న గుహలో మోగినట్టు దానికి తడి కూడా కలిపాడు.

పక్కన ఉన్న మా అల్లుడి వరస పిల్లగాడితో, "గిటార్ నేనే" అన్నాను.

"ఏది మామా?"

"వస్తుంది గద, గా సౌండు."

"నువ్వు ఈడ లడ్డు తింటుండవు, ఆడ ఎట్ల వాయిస్తవ్?" అని పగలబడి నవ్వి, గుంపులోకి ఉరికి ఆడాడు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ నవ్వు కాదు. పాట బాగుంది. నేను వాయించి ఉంటే అంత బాగా వాయించేవాణ్ణి కాదేమో. జనం చేతులెత్తి ఆడుతున్నారు. నా శబ్దానికి అంతమంది ఆడటం నేనెన్నడూ చూడలేదు. చూస్తున్నప్పుడు నేను ఆ పాటలో ఉన్నానో లేనో నాకే తెలియలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడతో చెబితే, "నీ దగ్గర ఉన్న గిటార్ నీ దగ్గరనే ఉన్నది గద, ఏం పోయింది?" అంది. దానికి జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను.

అయినా ఊరుకున్నాను. యూట్యూబ్‌లో ముగ్గురం అన్నాకే ఇక ఊరుకోలేక అయిజ వెళ్లాను. బావ ఇంటి ముందు పత్తి బోరాలు లారీకి ఎక్కిస్తున్నారు. నన్ను చూసి నిజంగానే సంతోషించాడు, వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నేనే ఫోన్ చేద్దామనుకుంటున్న బావా. మంచి టైముకొచ్చినవ్."

"ముగ్గురం అన్నవ్" అన్నాను.

"ఏది? ఓ, అదా. అది ఇప్పటి ముచ్చట."

"ఎట్ల మొదలైంది అని అడిగింది ఆమె."

"ఎడిటింగ్ల పోయుంటది తియ్యి. అది ఇడిచిపెట్టు. అసలు ముచ్చట ఇను. జనానికి ఈ మిషిని సౌండ్ ఇసుగొచ్చింది. మళ్లీ పాత సౌండే గావాలంటున్నరు. మొదటి పాటలన్నీ కొత్తగ రికార్డు చేస్తున్నం, అసలు గిటార్‌తోని."

పిలుస్తున్నాడని అనుకున్నాను. అక్కడే, ఆ బోరాల పక్కన, అన్నీ క్షమించడానికి సిద్ధపడ్డాను.

"ఎప్పుడు రావాలె?" అన్నాను.

వాడు లారీ వైపు చూశాడు. "నువ్వు రావుడు ఎందుకు, తిప్పల. గిటార్ పంపు. హైదరాబాద్ నుంచి ఒక పిల్లగాడు వస్తుండు, మస్తు వాయిస్తడు. గా కాయిల్ సౌండ్ ఏ మిషిన్ల కూడ అస్సల్ లెక్క వస్తలేదు బావా. నీ గిటార్ అయితేనే అయితది."

"పాటలు నాకొస్తయి" అన్నాను.

"వస్తయి గానీ..." అని ఆగాడు.

"ఒక్కటి జెప్పు బావా. మండపం కాడ మొదటిసారి వాయించినప్పుడు మనం ఎంతమందిమి?" అని అడిగాను.

ఎవరో కాంటా దగ్గర నుంచి పిలిచారు. "ఆగు, వచ్చి జెప్త" అని వెళ్లాడు. బోరాలన్నీ తూచేదాకా నిలబడ్డాను. లారీ కదిలింది, వాడు డ్రైవరు పక్కన కూర్చుని చెయ్యి ఊపుతూ వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి మెసేజీలు పెడుతున్నాను. చదువుతున్నాడు. నీలం గీతలు పడుతున్నాయి. జవాబు మాత్రం లేదు. భాయ్ చేత అడిగించాను. "గిటార్ ఎప్పుడు పంపుతడట?" అని భాయ్ ద్వారా తిరిగి నన్నే అడిగించాడు.

గిటార్ నా షాపులోనే ఉంది. పంపను. నీ మీద పగతో కాదు బావా. నీ సౌండ్ మారింది, మంచిదే. మళ్లీ వెనక్కి తిరిగింది, అదీ మంచిదే. ఎటు మారినా, ఎన్నిసార్లు మారినా, మొదట్లో ఎవరెవరున్నారన్నది మారదు. యూట్యూబ్‌లో చెప్పొద్దు, స్టేజి మీద చెప్పొద్దు. ఫోన్ చేసి నాకొక్కడికి చెప్పు. ఆ మండపం దగ్గర మనం ముగ్గురమా, నలుగురమా? చెప్పు.