చిల్లులు మూసిన మొనగాడు

ఆ రోజుల్లో ఒమన్‌లో మాకు రాని పని అంటూ ఉండేది కాదు. నిజం చెప్పాలంటే వచ్చిన పని కూడా ఏదీ ఉండేది కాదు. "ఏసీ బాగుచేస్తావా?" అంటే "మాలూమ్." "ఒంటె పాలు పితుకుతావా?" అంటే "మాలూమ్." మాలూమ్ అంటే తెలుసని. తెలియదన్న వాణ్ణి తిరుగు విమానం ఎక్కిస్తారని జగిత్యాలలో మా ఏజెంటు ముందే భయపెట్టి పంపాడు. (ఆయనకు మాత్రం ఏం తెలుసు పాపం, ఏనాడూ బొంబాయి దాటి ఎరగడు.) ఆ ఒక్క మాట పుణ్యమా అని నేను ఒక పెద్దమనిషి ఇంటినిండా పొగ పెట్టాను, నా పెళ్లికి నేనే ఎసరు పెట్టుకోబోయాను.

అప్పుడు నేను అల్ సువైక్‌లో, ఖర్జూర తోటలకు నీళ్ల ట్యాంకులు చేసే షెడ్డులో వెల్డర్ని. మా ఫోర్‌మన్ కడప సాయిబు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయనకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు, చిల్లు. ట్యాంకు తయారవగానే నీళ్లు నింపించి, కళ్లద్దాలు తుడుచుకుని, ప్రతి అతుకు వెంబడీ వేలు పెట్టి చుట్టూ తిరిగేవాడు. వేలికి తడి తగిలిందా, ఇక చూడాలి. "ఏమప్పా, ఇది ట్యాంకా, జల్లెడా? మీ ఇంట్లో పిండి జల్లించుకోను చేసినావా?" అని షెడ్డంతా వినబడేలా అడిగేవాడు. మూడేళ్లు ఆ వేలికి భయపడి బతికిన నాకు, ఇనుములో చిల్లు కనిపిస్తే చాలు, చెయ్యి దానంతట అదే వెల్డింగ్ రాడ్డు కోసం తడుముకునేది.

అలాంటి రోజుల్లో ఇంటి నుంచి క్యాసెట్టు వచ్చింది. మా బాపు ఉత్తరం రాయలేడు కాబట్టి టేప్‌రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, ఊరి నుంచి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. "కొడుకా, పిల్ల మంచిగున్నది. లగ్గం పెట్టుకున్నం. నెల దినాలల్ల నువ్వు రాకుంటే ఆళ్లు ఇంకోకాడ సూసుకుంటరట" అని రెండు ముక్కలు చెప్పి ఆపేశాడు. మిగతా క్యాసెట్టంతా మా మేక అరుపులే. తోడుగా ఒక ఫోటో కూడా పంపాడు. అందులో ఆ పిల్ల కెమెరా వైపు, ఎవరో తన వస్తువు ఎత్తుకుపోతున్నట్టు కోపంగా చూస్తోంది. ఎందుకో ఆ కోపం నాకు తెగ నచ్చింది. రోజుకు నలభైసార్లు చూసుకునేవాణ్ణి.

పాస్‌పోర్టు అర్బాబ్ బీరువాలో ఉంది. (అక్కడ యజమానిని అలాగే అంటారు.) సెలవడగడానికి వెళ్తే, ఆయన నా మాట పూర్తి కాకముందే తన గోడు మొదలుపెట్టాడు. ఆయనకు జబల్ మీద, అంటే మంచి చలి ఉండే కొండల్లో, ఒక ఇల్లుంది. ఎప్పుడో నడుం వైద్యానికి యూరప్ వెళ్లినప్పుడు ఒక ఇనుప కట్టెల పొయ్యి మీద మనసు పడి, ఓడలో తెప్పించి అక్కడ పెట్టించుకున్నాడు. దానికి అద్దం తలుపు, పైకప్పు దాటి పోయే పొగగొట్టం. ఈ ఏడు అది సరిగ్గా మండడం లేదట. శుక్రవారం బావమరుదులు వస్తున్నారట.

"తుమ్ చూలా మాలూమ్?"

కట్టెల పొయ్యి గురించి నన్నా అడిగేది! మా అమ్మ మూడు పొయ్యిల మీద వండుతుంటే ఆ పొగలో పుట్టి పెరిగినవాణ్ణి. "మాలూమ్!" అన్నాను, ఎన్నడూ లేనిది మొదటిసారి నిజమే చెబుతున్నానన్న ధీమాతో.

"చూలా సీదా, బాద్ మే ఛుట్టీ" అన్నాడాయన. పొయ్యి బాగైతేనే సెలవన్నమాట.

కొండ మీదికి వెళ్లి పొయ్యిలో తల దూర్చి చూస్తే, పైభాగంలో అడ్డంగా నాలుగు స్టీలు పైపులున్నాయి, బొటనవేలంత లావున. రెండు వేడికి వంగిపోయాయి. నాలుగింటికీ బారుగా చిల్లులే చిల్లులు, సగం మసితో పూడుకుపోయి! రోగం ఇట్టే తెలిసిపోయింది, తుప్పు తినేసింది. మరలు ఊడదీసి పైపులు షెడ్డుకు తెచ్చాను.

ఉస్తాద్ వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంరా, తుప్పు యాడన్నా ఇట్ల వరసగా, గీత గీసినట్టు తింటాదా?"

"దొరల దేశం తుప్పు గదా ఉస్తాద్, లైన్ల నిలవడి తింటది" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి తలూపాడు. (ఇద్దరం ఇద్దరమే.) వంగిన రెంటినీ పక్కన పడేసి, వాటి కొలతకు చిల్లు లేని కొత్త స్టీలు పైపులు కోశాను. తిన్నగా ఉన్న రెంటికీ ఒక్కో చిల్లూ వెల్డింగుతో పూడ్చి, అద్దంలా సానపెట్టాను. ఒక చివర బిరడా పెట్టి నీళ్లు నింపితే చుక్క కారలేదు. ఉస్తాద్ వేలు ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి, మూడేళ్లలో మొదటిసారి నా భుజం తట్టింది. ఆ పూట నేను అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

శుక్రవారం వచ్చింది. బావమరుదులు కాళ్లదాకా ఉండే తెల్లటి అంగీలు, దిష్‌దాషాలు వేసుకుని, కాఫీ గిన్నెలు పట్టుకుని పొయ్యి చుట్టూ కూర్చున్నారు. పైపులు బిగించి నిప్పు పెట్టాను. కాసేపు బాగానే ఉంది. తర్వాత మంట మూలగడం మొదలుపెట్టింది. అద్దం మా అమ్మ రొట్టెల పెనమంత నల్లబడింది. లోపల ఏం జరుగుతోందో చూద్దామని అర్బాబ్ తలుపు తెరిచాడు. అంతే, పొగ పొగంతా బయటికొచ్చి అతిథుల మీద పడింది. లోపలికి తెల్లగా వచ్చిన బావమరుదులు బయటికి మాత్రం రకరకాల రంగుల్లో పరిగెత్తారు. "ఏష్ హాదా? కుల్లు దుఖాన్!" అని దగ్గుతూ అరిచాడు అర్బాబ్. ఇంటినిండా పొగే అని తిడుతున్నాడని అరబ్బీ రాని నాకూ అర్థమైంది. తర్వాతి మాట ఇంకా బాగా అర్థమైంది. "ఛుట్టీ ఖలాస్!"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గెందుకు, నిజంగానే ఏడ్చాను, పొగ మీదికి నెట్టేశాను.

వాకిట్లో అర్బాబ్ తల్లి రేకు మీద రొట్టె కాలుస్తోంది. ఆమె కట్టెలూ పొగ చిమ్ముతున్నాయి. ఆమె నన్ను చూసి, బోసినోటితో నవ్వుతూనే, ఈతాకు విసనకర్రతో ఆ పొగలోకి ఒక్క విసురు విసిరింది. పొగే భగ్గున మంటైంది. నా బుర్రలో అప్పుడు వెలిగింది. మా అమ్మ ఊదుగొట్టంతో చేసేదీ అదే కదా! పొగంటే ఇంకా మండాల్సిన మంట, దానికి కావలసింది కాస్త గాలి. పొయ్యి పైభాగాన ఆ చిల్లుల్లోంచి వేడిగాలి వచ్చి పొగను మండిస్తుంది. అవి పైపులు కావు, ఊదుగొట్టాలు. వాటి రోగమల్లా తుప్పు కాదు, చిల్లుల్లో పూడిన మసి. పొయ్యి ముక్కూ నోరూ మూసేసి, మళ్లీ నీళ్లు పోసి మరీ పరీక్షించుకున్న మొనగాణ్ణి నేను!

ముసలామె కొడుకుతో ఏదో అంది. ఆయన గొణిగి, రెండు వేళ్లు చూపించాడు. రెండు రోజులు గడువు.

వంగిన పాత పైపుల్లో ఒకటి మా రూమ్‌లో తువ్వాళ్లు ఆరేసుకునే కడ్డీ అయి కూర్చుంది. తువ్వాళ్లు తీసేసి, దాని మీద చిల్లుకూ చిల్లుకూ మధ్య ఎడం కొలిచి నాలుగు పైపుల మీదా గుర్తులు పెట్టాను. "బొక్కలు పెట్టాల్నా? నా చేత్తోనా?" అని ఉస్తాద్ బిక్కమొహం వేశాడు. అయినా ఇంకొకర్ని నమ్మలేక డ్రిల్లు తానే పట్టుకున్నాడు. ఒక్కో చిల్లుకూ ఆపి చెంపలు వేసుకుని "తౌబా, తౌబా" అనుకునేవాడు.

మళ్లీ బిగించి వెలిగించాను. పొయ్యి వేడెక్కాక పై చిల్లుల్లోంచి ఒక్కొక్కటిగా మంటలు విచ్చుకున్నాయి. అద్దం దానంతట అదే తెల్లబడింది. అర్బాబ్ అద్దం ముందుకు వంగి ఆ మంటల్ని లెక్కపెట్టాడు. తర్వాత జేబులోంచి నా పాస్‌పోర్టు తీశాడు. తిట్టినవాడే దాన్ని సువైక్ నుంచి జేబులో పెట్టుకుని తెచ్చాడని తెలిసి నాకు మళ్లీ కళ్లు మండాయి, ఈసారి పొగ లేదు.

లగ్గానికి రెండు రోజుల ముందు ఊరు చేరాను. పెట్టెలో సెంటు సీసాలతోపాటు ఆ తువ్వాళ్ల పైపు ముక్క కూడా ఉంది, పెళ్లికూతురికి స్టీలు ఊదుగొట్టం! చిల్లుల మహిమ తెలిసినవాణ్ణి కనుక ఒక్కటీ మూయలేదు. కొత్త కోడలు పొయ్యి ముందు కూర్చుని బుగ్గలు పూరించి ఊదింది. గాలి చివరికి చేరితేగా! పక్క చిల్లులన్నింట్లోంచీ బుస్సుమని బూడిద రేగి ఆమె మొహానా, నా పెళ్లి ధోవతి మీదా పడింది. ఫోటోలో ఉన్న కోపం మొదటిసారి కళ్లారా చూశాను.

"గిన్ని పొక్కలున్న గొట్టంతోని ఎట్ల ఊదుతరు? మీరు ఆడ జేసే పని ఏంది?"

"పొక్కలు మూసుడు" అన్నాను.

గ్యాసు పొయ్యి వచ్చి ఎన్నేళ్లయిందో. ఆ గొట్టం మా వంటింటి కిటికీకి అడ్డంగా ఉంది, ఆమె దానికి మసిగుడ్డలు ఆరేస్తుంది. ఇప్పటికీ ఎవరైనా "ఈ పని వచ్చా?" అని అడిగితే "మాలూమ్" అని నోటిదాకా వస్తుంది. ఆమె ఒకసారి నన్ను, ఒకసారి కిటికీని చూస్తుంది. నేను నోరు మూసుకుంటాను.