దొడ్డి చుట్టూ తీగ

చిన్నపుల్లయ్యకు తాళమంటే ప్రాణం. కువైట్ ఎడారిలోని వఫ్రా తోటలో అతని రేకుల గదికి తాళం, గదిలో పెట్టెకు తాళం, నీళ్ల మోటారు గదికి ఒకదాని మీద ఒకటి రెండు తాళాలు. మొలతాడుకు వేలాడే తాళంచెవుల గుత్తి గలగలలాడుతుంటే అతను వస్తున్నాడని గొర్రెలకు కూడా తెలిసిపోయేది. ఇంతా చేసి ఆ తోటలో అతనిదంటూ ఉన్నది ఆ పెట్టె ఒక్కటే. అందులో రెండు చొక్కాలు, ఒక దుప్పటి, పెళ్లాం కుట్టిచ్చిన బొంత. ఎవడు ఎత్తుకుపోతాడయ్యా వాటిని అంటే, "అట్లనే అనుకుంటాం, పొయినాక ఏడుస్తాం" అనేవాడు.

రాయచోటి పక్క పల్లె అతనిది. పెళ్లాం వెంకటేశ్వరి కూడా కువైట్‌లోనే, అతనికి వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరే, అర్దియాలో వాళ్లింట్లో పనిచేస్తుంది. మొగుడు తోటలో, పెళ్లాం ఇంట్లో. చలికాలం శుక్రవారాల్లో కఫీల్ కుటుంబం తోటకొచ్చి మాంసం కాల్చుకుని, పిల్లల్ని ఆడించుకుని పోతుంది. వాళ్ల వెంట వెంకటేశ్వరి వస్తుంది. పనుల మధ్య దొరికిన కాసేపట్లో కాలవ గట్టున గంగపాయలాకు కోసుకుంటుంది. ఆ ఆకుతో ఆమె చేసిన పప్పును అతను మర్నాడు కూడా దాచుకుని తింటాడు. వాళ్ల కాపురం అంతే. ఒకే కఫీల్ కింద ఉండబట్టి ఆ మాత్రమైనా ఉంది.

ఆ ఏడు కుక్కలు పడ్డాయి. ఎడారిలో తిరిగే ఊరకుక్కలు, గుంపులు గుంపులుగా. పక్క తోటలో పడి గొర్రెల్ని చీల్చేశాయి, తర్వాత ఈ తోట దొడ్డిలోనూ పడ్డాయి. పొద్దున్నే పోయి చూసేసరికి కఫీల్ ముచ్చటపడి కొన్న పొట్టేలు పేగులు బయటపడి ఉంది. అది చాలదన్నట్టు మరుసటి వారం మోటారు దగ్గరి రాగి కేబులును ఎవరో కోసుకుపోయారు. తోటల మీద పెత్తనం చేసే ఈజిప్టు ముదీర్ వచ్చి, రెండిటినీ చిన్నపుల్లయ్య నెత్తినే రుద్దాడు.

"ఇంకొక్కటి పోయిందా, ఖలాస్. నీకు సఫర్, నీ మదాంకూ సఫర్. కఫీల్ బాబానే చెప్పమన్నాడు," అన్నాడు ఆ ముదీర్ తనకొచ్చిన హిందీలో.

సఫర్ అంటే ఇంటికి పంపేయడమే. బోర్లెండిపోయిన చేను తప్ప ఇంటి దగ్గర ఏముంది? చిన్నపుల్లయ్యకు అన్నం సహించలేదు. కట్టె పట్టుకుని దొడ్డి చుట్టూ తిరిగాడు. ఒక మనిషి, ఒక కట్టె, నాలుగు వైపులా ఎడారి. ఎంతని తిరుగుతాడు!

అప్పుడు అతనికి తమ ఊరి విద్య గుర్తొచ్చింది. అడవి పందులు పడకుండా వేరుశనగ చేల చుట్టూ మేకులు పాతి, మోకాటి ఎత్తున సన్న తీగ కట్టి, దానికి కరెంటు పెడతారు. తప్పని అందరికీ తెలుసు, అయినా పెడతారు. అది చేయవలసిన మనిషి కాదు చిన్నపుల్లయ్య. ఎందుకంటే వెంకటేశ్వరి తమ్ముడు ఓబులేసు పోయింది అట్లాంటి తీగ మీద పడే. చీకటితోనే తన చేనికి పోతూ పక్క చేను గట్టు దాటాడు, అక్కడే కూలిపోయాడు. చేను ఆసామి తెల్లారేలోగా తీగ చుట్టేసుకుని పామన్నాడు. ఊళ్లో పెద్దమనుషులు కూడా అవును పామే అన్నారు. కాలి మీద తీగ కాల్చిన గీత కళ్లకు కనబడుతున్నా, పామే అన్నారు. "పందికున్న విలువ మనిషికి లేకపాయనే" అని ఆ శవం దగ్గర నెత్తి కొట్టుకున్నది ఈ చిన్నపుల్లయ్యే. వెంకటేశ్వరి ఆ రోజు నుంచి ఆ పెద్దమనుషుల గడప తొక్కలేదు, వాళ్లు పలకరిస్తే పలకలేదు.

అన్నీ తెలిసి కట్టాడు. భయం అట్లాంటిది, తెలిసినదాన్ని కూడా తెలియనట్టు చేస్తుంది. పొద్దుగూకాక మోటారు గదిలో మీట వేయడం, తెల్లవారుజామున మసీదులో ఫజర్ బాంగు వినబడగానే ఆపేయడం. ఊరి ఆసామి లాగా తను అజాగ్రత్త మనిషి కాదని, తన దగ్గర తాళాలున్నాయని, తనకు తాను చెప్పుకున్నాడు.

పక్క తోటలో గొర్రెలు కాసే భీమరాజుది గోదావరి వైపు. టీ తాగడానికి కంచె సందులోంచి వచ్చేవాడు. అతనికి చెప్పక తప్పలేదు.

"మీకేమన్నా మతి పోయిందేంటండీ పుల్లయ్యగారూ? కుక్కలకని పెడితే మనుసులు పోతారండి," అన్నాడు భీమరాజు, చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి.

"పొద్దు మునిగినాకే ఏస్తానప్పా. గేటుకు తాళముంది. ఎవురొస్తారు ఈడికి?"

"ఏమోనండి బాబూ. నేను మాత్రం ఇటు రానండి." అన్నట్టే ఆ మనిషి మళ్లీ రాలేదు.

కుక్క ఒకటి చచ్చింది. దాన్ని ఇసకలో పూడ్చాడు. మిగతావి ఆ వైపు రావడం మానేశాయి. దొడ్డి నిండుగా ఉందని కఫీల్ భుజం తట్టాడు. చిన్నపుల్లయ్యకు కంటి నిండా నిద్ర పట్టింది. గురువారం సాయంత్రం తీగ చుట్టి దాచేవాడు, శనివారం మళ్లీ కట్టేవాడు. మేకులు మాత్రం అట్లాగే ఉండేవి. ఒక శుక్రవారం వెంకటేశ్వరి వాటిని చూసి, "ఇవి ఎందుకయ్యా?" అని అడిగింది. "బీరతీగ పాకించాలనుకుంటాండా" అన్నాడు. ఆమె సరేనంది. మొగుడి మాట నమ్మడానికి ఆమెకు పెద్దగా కారణాలు అవసరం లేదు.

ఆ తర్వాతి వారంలో, నడి వారంలోనే, కుక్కలు పట్టపగలు కంచె దాకా వచ్చాయి. మర్నాడు కీరకాయల పెట్టెలు పట్నంలో మార్కెట్టుకు వేయాలి, చిన్నపుల్లయ్యను కూడా బండెక్కమన్నాడు ముదీర్. తోటలో ఇంకెవరూ లేరు. గేటుకు తాళం ఉంది. పగలే అయినా మీట వేసి, మోటారు గదికి రెండు తాళాలూ బిగించి, గుత్తి మొలకు దోపుకుని పోయాడు. గేటుకు రెండో తాళంచెవి కఫీల్ భార్య, వీళ్లు మామా అని పిలిచే ఆమె దగ్గర ఉందన్న సంగతి అతనికి తెలుసు. వారం మధ్యలో ఎందుకొస్తారులే అనుకున్నాడు.

మార్కెట్టులో సగం పెట్టెలు దించాక ఫోన్ చూసుకుంటే వెంకటేశ్వరి పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. "ఏమయ్యా, పిల్లోళ్లకు బడి లేదంట, ఉన్నట్టుండి తోటకు బయల్దేరినారు మామా వాళ్లు. వచ్చేసినాం. నువ్వు కనపడవే! నేను గంగపాయలాకు కోస్తాంటా, నువ్వొచ్చేలోపల పప్పు చేసిపెడతా."

కాలవ గట్టుకు పోవాలంటే దొడ్డి పక్క నుంచే పోవాలి.

చిన్నపుల్లయ్య వెంటనే పెళ్లానికి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. పనిలో ఉన్నప్పుడు ఫోన్ దగ్గరుంటే మామాకు గిట్టదు, బండిలో పెట్టేసి ఉంటుంది. భీమరాజుకు చేశాడు, అదీ అంతే. ఇక మిగిలింది కఫీల్ నంబరు. ఒక్క మాట చాలు, దొడ్డి వైపు ఎవరూ పోవద్దు అని. అతను నొక్కాడు. అవతల మోగేలోపల తనే కట్ చేశాడు.

ఇక్కడ అతన్ని ఎంత తిట్టినా తప్పులేదు. అవతల పెళ్లాం ఉంది, పసిపిల్లలున్నారు. ఇవతల సఫర్, జైలు. వేలు జైలు వైపు చూసి వెనక్కి వచ్చింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ కట్ చేశాడు. ఆ రెండుసార్లూ అతన్ని బతికినంత కాలం వదలవు.

ముదీర్ దగ్గరికి పరిగెత్తి, "మోటారు ఆపకుండా వచ్చినా, కాలిపోతాది, పోదాం యల్లా" అన్నాడు. మనుషుల సంగతి చెబితే కదిలేవాడో లేదో కానీ, మోటారు అనేసరికి ముదీర్ మిగతా పెట్టెల్ని పక్కవాళ్లకు అప్పజెప్పి బండి తీశాడు. దారి పొడుగునా చిన్నపుల్లయ్య తాళంచెవుల గుత్తిని పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాడు. ఓబులేసు కాలి మీది గీత మాత్రం కళ్ల ముందు నుంచి పోలేదు.

గేటు బార్లా తెరిచి ఉంది. మాంసం కాలుతున్న వాసన. పిల్లల కేకలు. ఏడుపులు కావు, ఆటల కేకలే. చిన్నపుల్లయ్య బండి ఆగకముందే దూకి, మోటారు గది వైపు పరిగెత్తి, తాళాలు తీసి మీట దించాడు. అప్పుడు దొడ్డి వైపు చూశాడు.

వెంకటేశ్వరి తీగకు ఇవతల నిలబడి ఉంది. మొహమంతా ఎండకు కమిలిపోయింది. రెండు చేతులూ బార్లా చాపి పిల్లలకు అడ్డంగా నిలబడింది. వాళ్లు దాటిపోబోతే పట్టుకుని వెనక్కి తిప్పుతోంది. వాళ్లకదొక ఆట అయిపోయింది. కఫీల్ చిన్న కూతురు దానా కిలకిలా నవ్వుతూ ఆమె చంకల కిందుగా దూరబోతోంది. తీగ కింద ఒక పిల్లి కాళ్లు బిగుసుకుని పడి ఉంది. ఆ పిల్లిని చూసే ఆమెకు అంతా అర్థమైంది. మోటారు గదికి తాళాలు. కేక వేసి మామాకు చెబితే పోలీసులు. పిల్లల్ని వదిలి కదిలితే ఏ పిల్ల ఎటు పోతుందో. వచ్చినప్పటి నుంచి ఆమె అట్లాగే నిలబడి ఉంది.

చిన్నపుల్లయ్య దగ్గరికి పోయాడు. పిల్లలు బంతి వెంట అటు పరిగెత్తారు.

"ఆపినావా?" అంది.

"ఆపినా మే."

"అయితే పట్టుకో."

అతను తీగను చూశాడు. తన చేత్తో తనే మీట దించి వచ్చాడు. అయినా చెయ్యి ముందుకు పోలేదు.

"చూసినావా, నీకే నమ్మకం లేదు. మా వోబులేసుకు ఈ మాత్రం ఆలోచించుకునే టయిము కూడా ఇయ్యకపోతిరే మీ మగోళ్లు," అంది. ఆమె గొంతు పెంచలేదు. అరిచి ఉంటే అతనికి నయంగా ఉండేది.

అతను వంగి రెండు చేతులతో తీగ పట్టుకున్నాడు. ఉత్త ఇనుము, ఎండకు వేడెక్కింది. అప్పుడు ఏడుపొచ్చింది అతనికి.

"గొర్రెలు పోతే పోనీ. సఫర్ అంటే ఇద్దురమూ పోదాం. రాళ్లు మోసుకుని బతుకుదాం," అంది. ఆపైన, "బాబాకు ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది గదయ్యా?" అంది.

చిన్నపుల్లయ్య తల ఎత్తలేదు. చేశాను, కట్ చేశాను అని మాత్రం చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు తెలిసిపోయినట్టుంది.

అప్పుడే దానా బంతి వెంట పరిగెత్తుకుంటూ వచ్చి తీగ మీదికి కాలెత్తింది. కరెంటు లేదని తెలిసీ చిన్నపుల్లయ్య గొంతు చించుకుని అరిచాడు. పిల్ల బిత్తరపోయి ఏడుపు లంకించుకుంది. పొయ్యి దగ్గర నుంచి మామా పరుగున వచ్చి, ఏమైంది, ఎందుకట్లా అరిచాడు అని గద్దించింది. మామా వెనకాలే ముదీర్ కూడా వచ్చాడు.

చిన్నపుల్లయ్య నోరు తెరిచేలోపలే వెంకటేశ్వరి ఒక అడుగు పక్కకు జరిగింది. చచ్చిన పిల్లి ఆమె చీర కుచ్చిళ్ల వెనక్కి వెళ్లిపోయింది. ఏడుస్తున్న దానాను చంకనెత్తుకుని, కళ్లు తుడిచింది.

"మాఫీ షీ, మామా," అంది తనకొచ్చిన అరబీలో. ఏమీ లేదమ్మా అని. "పామనుకున్నాడు."

మామా నవ్వి, తలాడించి ముదీర్‌తో పాటు వెనక్కి పోయింది. వెంకటేశ్వరి పిల్లను ఎత్తుకుని ఆమె వెంట నడిచింది. గంగపాయలాకు గట్టునే ఉండిపోయింది. ఆ రోజు పోయేదాకా ఆమె మొగుడి వైపు చూడలేదు.