సర్వరును పడగొట్టే ఉద్యోగం

నా ఉద్యోగం పేరు పర్‌ఫార్మెన్స్ టెస్టర్. మల్కాపురంలో మా వీధివాళ్ళకి ఆ పేరు చెబితే "ఏ డాన్సమ్మా?" అని అడిగేవారు. ఒక వెబ్‌సైటును ఒకేసారి ఐదువందలమంది తెరిస్తే అది నిలబడుతుందో, చతికిలబడుతుందో ముందే చూసి చెప్పడం నా పని అని మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. కొన్నాళ్ళకి విసుగొచ్చి "కంప్యూటర్ పని" అనేసి ఊరుకున్నాను.

రెండువేల దశకం మొదటి సంవత్సరాలవి. డాబాగార్డెన్స్‌లో ఒక మేడ మీద మా కంపెనీ. యజమాని గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మంచివాడే, కాని తొందర ఎక్కువ. సైటు రాసేది ఒక గాజువాక కుర్రాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేవాడు. లారీ యజమానుల సంఘం ఒకటి మాకు పని ఇచ్చింది. ఓడరేవులో సరుకు ఎత్తుకోవడానికి ఏ లారీకి ఏ వేళ దొరుకుతుందో చూసి నెట్‌లోనే బుక్ చేసుకునే సైటు కావాలి. ఉదయం తొమ్మిదికి బుకింగు మొదలవుతుంది. అంటే అందరూ ఒక్క నిమిషంలో వచ్చి మీద పడతారు.

ఆ తోపులాటను ఆఫీసులో ఎలా పుట్టించాలి? అందుకు పనికొచ్చే పెద్ద సాఫ్ట్‌వేర్లు మా కంపెనీ కొనగలిగేవి కావు. మా యజమాని దువ్వాడలో తెలిసిన కాలేజీవాళ్ళని అడిగి కంప్యూటర్ ల్యాబ్ ఇప్పించాడు. నలభైమంది విద్యార్థులను కూర్చోబెట్టి, నేను ఈల ఊదగానే అందరూ ఒకేసారి బటన్ నొక్కాలన్నాను. ఊదకముందే సగంమంది నొక్కారు. ఊదాక కొందరు "మేడం, నొక్కాలా?" అన్నారు. ఇద్దరు టీకి వెళ్ళి రానేలేదు. చివరికి అందరూ ఒకేసారి నొక్కితే, మా సైటుకంటే ముందు కాలేజీ నెట్ లైనే పడుకుంది. మూడుసార్లు ఇదే భాగోతం. తిరిగి వచ్చే రైల్లో, ఇంక ఈ ఈల ఊదనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ వారమే నెట్‌లో వెతికితే ఒక ఉచిత టూల్ కనబడింది. ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని పెట్టేశారు. మన ఒక్క కంప్యూటరే ఐదువందలమంది మనుషుల్లా నటించి, సైటు మీదకి వెళ్ళి బటన్లు నొక్కుతుంది. మా ఫోన్ లైను మీద దాన్ని దించుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఇంకాస్తలో అయిపోతుందనగా ఎవరో ఫోన్ చేసేవారు, లైను తెగేది, మళ్ళీ మొదటినుంచి. దానితో వచ్చిన మాన్యువల్ చూస్తే, అప్పటికే అంతా తెలిసినవాళ్ళ కోసం రాసినట్టుంది.

"ఊరికే ఇస్తున్నారంటే అందులో ఏదో ఉంటుందమ్మా. వైరస్ ఉందేమో చూసుకో," అన్నాడు యజమాని.

మొదటి పరీక్షలో అన్నీ ఆకుపచ్చ గుర్తులే. వందమంది వస్తే ఒక్కొక్కరికీ నాలుగు సెకన్లు పట్టింది. ఐదువందలమంది వస్తే అర సెకను. ఆ సంతోషంలో యజమానికి చెప్పేశాను. ఆయన అక్కడికక్కడే సంఘం అధ్యక్షుడికి ఫోన్ కలిపాడు. "ఐదొందలమంది వచ్చినా చిటికెలో అయిపోద్దండీ, ఆయ్!"

మధ్యాహ్నం క్యారేజీ విప్పి అన్నం కలుపుతుంటే అప్పుడు వెలిగింది. జనం పెరిగితే పని నెమ్మదించాలి గాని, వేగం ఎలా పెరుగుతుంది? ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి, ఐదువందలమంది పరీక్షలో టూల్‌కి సైటు ఇచ్చిన జవాబులు ఒక్కొక్కటే తెరిచి చూశాను. ప్రతిదాంట్లోనూ ఒకటే మాట: "క్షమించండి. సర్వర్ బిజీగా ఉంది. కాసేపాగి ప్రయత్నించండి." ఆ క్షమాపణ పేజీ పంపడానికి సర్వరుకి అర సెకను చాలు. ఏదో ఒక పేజీ వచ్చింది కదా అని టూల్ ఆకుపచ్చ గుర్తు పెట్టింది. పేజీలో బుకింగు నంబరు ఉంటేనే పాస్ అని చెప్పడానికి టూల్‌లో ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసింది నేనే. నామీద నాకే ఒళ్ళు మండింది.

యజమానికి చెబితే తల పట్టుకున్నాడు. "నువ్వే కదమ్మా బాగుందన్నావు! ఇప్పుడు వాళ్ళకేం చెప్పను?"

గాజువాక తమ్ముడు అసలు ఒప్పుకోలేదు. "సైటుకేటి కాలేదక్కా. నా మిషన్లో బానే నడస్తంది. నీ ఫ్రీ టూలే తప్పు సెప్తంది."

"ఇందాక ఆ టూలే బాగుందంటే నమ్మావు కదా?"

"అప్పుడు కరెష్టుగా సెప్పినాది మరి!"

టూల్‌ని ఐదువందలమందితో మళ్ళీ మొదలుపెట్టి, యజమానిని ఆయన కుర్చీలోనే కూర్చుని ఒక్క లారీ బుక్ చెయ్యమన్నాను. నొక్కాడు, క్షమించండి అంది. మళ్ళీ నొక్కాడు, క్షమించండి. పదకొండోసారికి మౌస్ బల్లకేసి కొట్టాడు. తమ్ముడు ఆయన వెనక నిలబడి అంతా చూశాడు. కుర్చీ లాక్కుని నా పక్కకి వచ్చాడు.

డేటాబేసులో ఏ పని ఎంతసేపు తీసుకుంటోందో చూపించే ఇంకో ఉచిత టూల్ దించుకున్నాం. అది ఒక్క గంటలో దొంగని పట్టిచ్చింది. ఎవరు బుక్ చేసినా, ఆ లారీకి ముందే బుకింగు ఉందా అని సైటు మొత్తం రికార్డును మొదటినుంచి చివరిదాకా చదువుతోంది. పుస్తకం వెనక ఉండే పదసూచికలాంటిది లారీ నంబర్లకి పెట్టడం తమ్ముడు మరిచిపోయాడు. తన మిషన్లో పది లారీలే ఉన్నాయి కాబట్టి వాడికి తేడా తెలియలేదు. ఒక్క వరుస రాస్తే సరిపోయింది.

"సెప్పొచ్చు కదక్కా ముందే," అన్నాడు.

కొట్టాలనిపించింది. నవ్వొచ్చింది కూడా. ఈసారి ఆ గడి నింపి పరీక్షిస్తే ఐదువందలమందికీ బుకింగు నంబర్లు వచ్చాయి. మా యజమాని సంఘానికి పంపిన రిపోర్టులో "అంతర్జాతీయ ప్రమాణాలు గల సాధనంతో" అని రాశాడు. ఉచితం అన్న మాట ఎక్కడా లేదు.

సైటు మొదలైన రోజు ఉదయం ఆఫీసుకి వెళ్ళకుండా మా మల్కాపురంలోనే ఒక నెట్ సెంటరుకి వెళ్ళి కూర్చున్నాను. పక్క కంప్యూటరు ముందు ఒక లారీ యజమాని, చేతిలో బండి కాగితాలు. సరిగ్గా తొమ్మిదికి బటన్ నొక్కాడు. నేను మనసులో సెకన్లు లెక్కపెట్టాను. మూడు సెకన్లలో నంబరు వచ్చింది.

ఆయన తెర వంక అనుమానంగా చూసి, నావైపు తిరిగాడు. "ఏటమ్మా, ఇంతేనా? అయిపోనాదా?"

"అయిపోయిందండీ."

"దీనికోసమేటి ఆరు నెల్లు సేసినారు!" అని కాగితాలు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆ ఆరు నెలల్లో మేమేం చేశామో చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆయన స్కూటర్ స్టార్ట్ చేసేశాడు.