కార్తీకంలో ముల్లు లేని గాలం

చేతికి ఏ దారం చిక్కినా దశరథం దాన్ని ఎడమ చూపుడువేలికి చుట్టి, కొసను పంటితో కొరుకుతాడు. మాట్లాడుతూ, నడుస్తూ, టీ కొట్టు దగ్గర నిలబడి. ముప్పై ఏళ్లుగా సిరిసిల్లలో మరమగ్గం నడుపుతున్న మనిషి. మగ్గం ఆగినా అతని చేతులు ఆగవు.

ఆ చేతులకు పదేళ్ల కింద ఇంకో పని దొరికింది. వాన వెలిసిన ఒక సాయంత్రం, మానేరు ఏటి మీద రెక్కల ఉసిళ్లు రాలుతుంటే చేపలు నోళ్లు తెరిచి ఎగరడం చూశాడు. మగ్గం కింద పడిన నూలుపోగులు, కోడిపుంజు మెడ ఈకలు గాలానికి చుట్టి ఉత్తుత్తి పురుగు చేశాడు. ఎర గుచ్చడు. ఆ పురుగునే నీటి మీదికి విసిరి, మెల్లగా లాగుతాడు. ఆశ్వయుజంలో నీళ్లు తేరుకున్నప్పటి నుంచి చలి ముదిరేదాకా, ఆ నెలన్నరే దానికి కాలం. ఆ రోజుల్లో అతనికి ఇంట్లో కూర్చోబుద్ధి కాదు.

ఈ ఏడు సరిగ్గా అప్పుడే కూతురు దీపిక ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. భార్య చంద్రవ్వ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. కార్తీకం వెళ్లేదాకా ఈ ఇంటివాళ్ల చేతుల్లో ఒక్క ప్రాణమూ పోకూడదు. బీడీలు చుట్టే చాట ఒళ్లో ఉండగానే ఆ మాట చెప్పింది. దశరథం తలూపాడు.

ఆరు రోజులు ఓర్చుకున్నాడు. ఏడో రోజు మగ్గాల షెడ్డులోని పట్టుకారుతో, గాలం కొన దగ్గర చేప జారకుండా వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును నొక్కేశాడు. ఇక చేప పడినా తేలిగ్గా జారిపోతుంది. పట్టడం, చూడడం, వదిలేయడం. ఇది మొక్కు తప్పడం కాదని తనకు తాను చెప్పుకున్నాడు. చంద్రవ్వకు చెప్పలేదు.

అతను ఏట్లో చేపను పట్టి వదిలేయడం పక్క మగ్గం హనుమంతు చూశాడు. మర్నాడు షెడ్డులో అందరి ముందూ అడిగాడు.

"పట్టుడెందుకు, ఇడుసుడెందుకు దశరథన్నా? చేపలకు ముక్కులు కుట్టిస్తున్నవా?"

కార్తీక పున్నమికి ముందటి సాయంత్రం మూరెడు చేప ఒకటి పురుగును గొంతుదాకా మింగేసింది. ముల్లు లేకున్నా గాలం లోపల ఇరుక్కుంది. తీసేసరికి మొప్పల్లోంచి నెత్తురు వచ్చింది. మోకాళ్ల లోతులో నిలబడి, దానికి ఊపిరి అందేలా ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాడు. మొప్పలు ఆడాయి. ఆగాయి. మళ్లీ ఆడాయి. చాలాసేపటికి చేప ఒక్కసారి కదిలి చేతుల్లోంచి జారింది. ఈదిందో, నీళ్లే లాక్కుపోయాయో ఆ మసకలో తెలియలేదు.

ఇంట్లో దీపిక నడుం పట్టుకుని లేస్తుంటే చూడలేకపోయాడు. కంచం ముందు నుంచి సగంలో లేచాడు.

తెల్లవారి చంద్రవ్వ ఏట్లో స్నానం చేసి, అరటిదొప్పలో దీపం వెలిగించింది. నీటిలో వదలబోతుంటే దశరథం పక్కన నిలబడి జరిగిందంతా చెప్పాడు.

"సచ్చిందా?"

"తెల్వదు."

చంద్రవ్వ గాలికి దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"పోయి చూసి రా. సచ్చుంటే సచ్చిందనే చెప్పు. నాకు అబద్ధమాడకు."

దీపాన్ని వదలకుండా ఒడ్డున పెట్టి, దాని పక్కన కూర్చుంది.

దశరథం ప్యాంటు మోకాళ్ల పైకి మడిచాడు. ఏటి వెంట కిందికి నడిచాడు. ఊళ్లో మొదటి షిఫ్టు మగ్గాల మోత మొదలైంది. అతను ఒడ్డు తుంగగడ్డిని పాయలుగా విడదీస్తూ, ప్రతి మడుగులోకీ వంగి చూస్తూ, వంతెన దాటి పోయాడు.