మూడో జ్ఞాని కిరీటం ఎందుకు మెరిసింది

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం బందరులో సగం ఇళ్ళల్లో ఒకటే సినిమా నడుస్తుంది. యేసు పుట్టుక కథ. చర్చి నుంచి వచ్చి, బిర్యానీ తిని, కుర్చీల్లో వెనక్కి వాలి అందరూ భక్తిగా చూస్తారు. మా ఇంట్లోనూ అంతే. నేను మాత్రం నా భక్తిని చర్చిలోనే వదిలేసి వస్తాను. ఆ సినిమా తీస్తుంటే కళ్ళారా చూసినవాణ్ణి మరి.

అందులో బేత్లెహేము అంటే మా మంగినపూడి బీచి. అర్ధరాత్రి అంటే పదకొండు గంటల ఎండ. కెమెరాకి నీలం అద్దమొకటి తగిలించి, ఇదే రాత్రి అన్నారు. నక్షత్రాన్ని చూసి జ్ఞానులు కళ్ళు చిట్లించే చోట మా చర్చి పెద్ద ఒకాయన ఏటా కళ్ళు తుడుచుకుంటాడు, ఏం నటనండీ అని. నటనా పాడా! ఇసుక మీద నిలబెడితే ఎవడైనా అలాగే చిట్లిస్తాడు.

గొర్రెల సంగతి ఇంకా ఘోరం. దర్శకుడికి బొమ్మల పుస్తకంలో ఉండే ఉన్ని గొర్రెలు కావాలట. దివిసీమ నుంచి లారీలో తెచ్చిన మన గొర్రెలకి ఉన్ని ఎక్కణ్ణుంచి వస్తుంది? నున్నగా, క్షవరం చేయించుకున్నట్టు ఉంటాయి. అందుకని దూదికి గంజి రాసి ఒక్కోదాని ఒంటికీ అంటించారు. గంజి వాసన తగిలిన గొర్రెలు ఒకదాని ఉన్ని ఒకటి నాకి మింగేశాయి. మధ్యాహ్నానికి సగం మంద మళ్ళీ దిసమొల. ఇప్పటికీ తెర మీద కుడి పక్కన చూడండి, దేవదూత శుభవార్త చెబుతుంటే ఒక గొర్రె పక్కదాని వీపు మీద భోజనం చేస్తూ ఉంటుంది. దీన్ని గొప్ప కళాఖండం అంటారు.

నేనక్కడ ఎందుకున్నానంటే, జ్ఞానుల కిరీటాలు మా కొట్టులోనే తయారయ్యాయి కాబట్టి. ఎనిమిదో తరగతిలో బడికి ఒక దణ్ణం పెట్టి చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పనికి వచ్చేశాను. సినిమా వాళ్ళు వచ్చేనాటికి నాకు పెళ్ళయింది, బంగారు పూత పూసే గిల్టు తొట్టి నా చేతికొచ్చింది. కొట్టు యజమానిని మావయ్యా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, తిట్లు మాత్రం సొంత మేనమామవే.

సినిమా మేనేజరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "మెరవకూడదండీ. ఎడారిలో ఒంటెల మీద ఎన్నాళ్ళో ప్రయాణం చేసొచ్చిన కిరీటాలు. పాతగా, మసకగా ఉండాలి."

మావయ్య బుద్ధిగా తలూపాడు. అతను మెట్లు దిగగానే నా వైపు తిరిగాడు.

"మసకగా పంపిస్తే పక్క కొట్టువాడు ఏమనుకుంటాడ్రా? వీళ్ళకి పని రాదనుకోడూ?"

మా వాళ్ళ జబ్బే అది. అద్దంలా లేని వస్తువు గడప దాటితే పరువు పోయినట్టే. ఇత్తడి రేకు మీద పూలు కొట్టి, గిల్టు ఎక్కించి, కుంకుడు రసంలో బ్రష్షుతో రుద్ది రుద్ది, మూడు కిరీటాల్నీ చూపు నిలవకుండా చేశాడు.

మేం బీచికి పట్టుకెళ్ళిన వాటిని చూసి దర్శకుడు నెత్తి కొట్టుకున్నాడు. జ్ఞాని నుదుటి మీదికి వచ్చే కిరీటం బిళ్ళలో కెమెరా, గొడుగు, అరటిపండు తింటున్న మేనేజరు అందరూ కనిపిస్తున్నారట. వెంటనే కొబ్బరినూనెలో బొగ్గుపొడి కలిపి మూడింటికీ దట్టంగా పూయించాడు. ఆ మసి తన మొహాన పూసినట్టు నిలబడిపోయాడు మావయ్య.

భోజనాల వేళ మూడో జ్ఞాని కిరీటం తీసి ఇసుకలో పెట్టి పులిహోర పొట్లం విప్పాడు. మావయ్య సంచిలోంచి కుంకుడు రసం సీసా బయటికి తీశాడు. పెళ్ళికెళ్ళినా ఆ సీసా లేకుండా వెళ్ళడు.

"వద్దు మావయ్యా, చూస్తే చంపేస్తారు."

"నువ్వు నోర్మూసుకుని అడ్డంగా నిలబడు."

నిలబడ్డాను. భుజం మీది తువ్వాలుతో గబగబా తుడుస్తుండగానే పిలుపొచ్చింది. జ్ఞాని కిరీటం లాక్కుని నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు. మావయ్య వెనకాలే వెళ్ళి కెమెరా పక్కన నిలబడ్డాడు. జ్ఞాని పశువుల తొట్టి ముందు మోకరించి తల వంచాడు. అంతకుముందు షాట్లన్నిటిలో మసిగా ఉన్న కిరీటం ఎండ తగిలి భగ్గున మెరిసింది. మళ్ళీ తీద్దామంటే, బాలయేసుగా పడుకోబెట్టిన పసివాడు ఏడుపు అందుకున్నాడు, ఆపితే ఒట్టు. దర్శకుడు మావయ్యని నానా మాటలని బీచిలోంచి తరిమేశాడు.

సినిమా వచ్చాక చూడాలి జనం! ప్రభువును చూడగానే కిరీటం మెరవడం ఎంత లోతైన ఆలోచనండీ, అని ఒకటే పొగడ్తలు. దర్శకుడు సిగ్గుపడకుండా టీవీలో చెప్పాడు, ఆ షాటు తనకి ప్రార్థనలో తట్టిందట.

మావయ్యకి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, పని మానేశాడు. ఒక్కటే కోరిక మిగిలింది. ఆ మెరుపు తన చేతిదని నలుగురి ముందూ చెప్పాలి, వాళ్ళు నమ్మాలి. చెప్పినప్పుడల్లా నవ్వుతారు. పాస్టరుగారైతే "దేవుడు మీ చేతిని వాడుకున్నాడండీ" అని, ఆ దక్కాల్సిన కాస్త పేరూ పైకి పంపించేశారు.

మొన్న నవంబరులో గుడివాడ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఆ సినిమా తీసిన తీరు మీద యూట్యూబులో వీడియో చేస్తాడట. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నుంచీ వరండాలో కూర్చున్నాడు, పక్కన నేను.

"తాతగారూ, కిరీటం మెరవడం వెనక డైరెక్టర్‌గారి విజన్ ఏంటో మన వ్యూయర్స్‌కి చెప్పండి."

"విజన్ కాదు బాబూ, కుంకుడు రసం."

"సూపరండీ! అదే కొంచెం ఎమోషనల్‌గా..."

"నేనే తుడిచానయ్యా. ఆయన వద్దన్నాడు, నేను తుడిచాను. తరిమేశారు కూడాను."

కుర్రాడు నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "పెద్దాయనకి జ్ఞాపకం కొంచెం తేడానా అండీ?"

"ఆయనకి బాగానే ఉంది బాబూ. నీ చెవులకే కొంచెం తేడా."

వీడియో వచ్చింది. మొదట్నుంచి చివరిదాకా ఆ కుర్రాడే. మావయ్య రెండు రెప్పపాట్లు కనిపించాడు, అదీ నోరు కదలడమే, మాట లేదు. పైన వీణ సంగీతం. కింద కామెంట్లలో దర్శకుడి దివ్యదృష్టికి చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. నాకు వచ్చిన బూతులన్నీ వాడేశాను.

"సినిమాలో ఆ షాటు పెట్టు," అన్నాడు మావయ్య.

ఫోనులో పెట్టి ఆపాను. ఆయన రెండు వేళ్ళతో బొమ్మని సాగదీశాడు. కిరీటం నుదుటి బిళ్ళలో గొడుగు, కెమెరా. దాని పక్కన, మసకగా, భుజం మీద తువ్వాలుతో ఒక మనిషి. కొంచెం పొట్ట కూడా.

"మావయ్యా, నువ్వే! ఇంకేం కావాలి? ఇప్పుడే ఆ గుడివాడ వెధవకి పంపిస్తాను. ఇది చూశాక ఎవడు నవ్వుతాడో చూద్దాం!"

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు ఇంకా ఫోను మీదే ఉన్నాయి. తన బొమ్మని దాటించి, కిరీటం ఎడమ అంచు దగ్గరికి జరిపాడు. అక్కడ పువ్వు సందులో గీతలా కొంచెం మసి మిగిలి ఉంది.

"ఛ! వెధవలు టైమివ్వలేదు," అన్నాడు. "పంపకు. పక్క కొట్టువాడు చూస్తాడు."

ఆ సినిమాకి ఇన్నేళ్ళుగా నేను పెట్టిన వంకల్లో ఇదొక్కటీ లేదు.