టైగరు కొసరు

తెనాలిలో బసవేశ్వరరావు తూచని వస్తువు లేదు. రైసుమిల్లు గుమాస్తా కాబట్టి వడ్ల బస్తాలు తూచడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక ఉప్పు, చింతపండు, అరటిపళ్ళు తూచడం ఆయన జబ్బు. వీశెలు పోయి కిలోలు వచ్చిన కొత్తలో ఊరంతా తికమకపడుతుంటే ఆయనొక్కడే పండగ చేసుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో మల్లెపూలు కూడా తూచి ఇచ్చాడని భార్య అనసూయ ఇప్పటికీ పుట్టింటివాళ్ళకు చెప్పుకుని వాపోతుంది.

అలాంటి మనిషికి రేపల్లె పాసింజరులో ఒక పశువుల డాక్టరు తగిలాడు. కుక్కకు అన్నం పెట్టకూడదని, పచ్చి మాంసమే పెట్టాలని, అదీ దాని బరువులో నలభయ్యో వంతు మించకూడదని ఆయన ఏ ఘడియలో సెలవిచ్చాడో గాని, టైగరు జాతకం మారిపోయింది. టైగరు అంటే నిన్నమొన్నటి వీధికుక్కే. బల్లిని చూస్తే గుమ్మం దిగదు. మజ్జిగన్నం తిని హాయిగా బతుకుతున్న దాన్ని వారం వారం మిల్లుకు తీసుకెళ్ళి, ఎత్తుకుని కాటా ఎక్కి, వచ్చిన బరువులోంచి తన బరువు తీసేసేవాడు. హమాలీలు బస్తాలు దించి మరీ చూసేవాళ్ళు. తీసివేత తప్పితే పచ్చి మాంసం తమరే తినాల్సొస్తుందేమోనండి అన్నాడొక హమాలీ, వినయంగా.

ఆ తర్వాత వంతులు. కండ ఇంత, కార్జం ఇంత, ఎముక ఇంత. పొద్దున్నే అంకారావు కొట్టులో మాంసం కొనుక్కొచ్చి, వసారాలో తక్కెడ వేలాడదీసి, ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టేవాడు. టైగరూ బిగబట్టేది. ముల్లు మొగ్గితే ఒక ముక్క తీసేసేవాడు. ఆ ముక్క వెంటే టైగరు చూపు వెళ్ళేది. కొసరు తూకంలో చేరదని దానికి నచ్చజెప్పేవాడు, మిల్లుకొచ్చిన రైతుకు చెప్పినట్టు.

అనసూయకు కుక్క మీద కోపం లేదు. ఎదురింటి రామలింగం చీరాల నుంచి వచ్చి, మూట భుజాన వేసుకుని చీరలమ్మేవాడు. టైఫాయిడుతో మంచం పట్టి లేచాడు. లేచాడనే గాని వీధి చివరిదాకా నడవలేడు. మాంసం, కార్జం తింటే గాని బలం రాదన్నాడు డాక్టరు. ఆ ఇంట్లో పచ్చడి మెతుకులే గగనం. అనసూయ గిన్నెడు కూర పంపితే, గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదని రామలింగం భార్య నాగరత్నం డబ్బా దులిపి, ఉన్న కాస్త కందిపప్పూ అందులో పోసి పంపింది. ఇంకోసారి పంపితే వాళ్ళకు పప్పు కూడా మిగలదని అనసూయ ఊరుకుంది. మనిషికి లేని కార్జం కుక్కకా అని ఆమె కడుపు రగిలిపోయేది.

పైగా కొనే మాంసం టైగరు వంతుకు రెండింతలు ఉంటోంది. నలభయ్యో వంతు తెలిసిన మహానుభావులు ఆ వంతే కొనొచ్చు కదా అని ఒకరోజు నిలదీసింది. అంకారావు కొసరు ఎక్కువ వేస్తాడని గొణిగి ఆయన మిల్లుకు జారుకున్నాడు. సగానికి సగం కొసరు వేసే కొట్టువాడు తెనాలిలో ఇంకా పుట్టలేదని అనసూయకు తెలుసు. మిగిలింది ఎక్కడ పారేస్తున్నాడో పట్టుకుని, టైగరును మళ్ళీ మజ్జిగన్నంలోకి దించి తీరాలని మర్నాడు తలుపు చాటున నిలబడింది.

టైగరు తిండి అయింది. నాగరత్నం గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఇంత ఆలస్యమైతే ఎలా అమ్మా?" విసుక్కున్నాడు బసవేశ్వరరావు. "ఈ కొసరు టైగరు ముట్టుకుంటే నా లెక్క తలకిందులవుద్ది. పారేస్తే పాపం. త్వరగా తీసుకుపో."

నాగరత్నం గిన్నె చాచలేదు. "రోజూ ఇంత కొసరేంటి అన్నయ్యగారూ? మా కోసమే కొంటున్నారేమో. అలా అయితే నేను తీసుకోలేనండి."

బసవేశ్వరరావు తక్కెడ వంక చూశాడు, టైగరు వంక చూశాడు. ఎవరూ ఆదుకోలేదు. తలుపు చాటున అనసూయకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఈ మనిషిని ఎన్నెన్ని మాటలంది! కొంగుతో మొహం తుడుచుకుని గయ్యిమంటూ బయటికొచ్చింది.

"మీ కోసం కొనడానికి ఆయనకంత ప్రేమెక్కడిది నాగరత్నం? పెళ్ళానికి పూలు తూచిచ్చిన మనిషాయె. ఆ అంకారావు ముందు కొసరు వేసి, తర్వాత తూస్తాడు. నువ్వు తీసుకెళ్ళకపోతే ఈ పీడంతా నేను కడుక్కోవాలి. కొసరు ఎవరి సొత్తూ కాదు, గిన్నెలో ఏం పోసి ఇవ్వక్కర్లేదు."

నాగరత్నం నవ్వేసి గిన్నె చాచింది.

ఆమె వీధి దాటాక బసవేశ్వరరావు తిట్లకు సిద్ధపడి నిలుచున్నాడు. అనసూయ లోపలికెళ్ళి నాలుగు కోడిగుడ్లు తెచ్చింది. రేపట్నుంచి టైగరుకు ఇవి కూడా అంది.

"గుడ్లకు తూకం లేదే. కొసరని ఎలా చెప్పను?" అన్నాడాయన దిగులుగా.

"ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధాలు తూచే ఆడారా?" అంది అనసూయ, గుడ్లు ఆయన చేతిలో పెడుతూ.