దుమ్ము ఉంటేనే కనిపించే గాలి

కోదాడ అవతల గుట్ట మీద రెండు గాలిమరలు నిలబెట్టారు. రెక్కలు దాటిన గాలి ఎంత నీరసిస్తుంది, ఎంత దూరం పోయాక మళ్లీ తేరుకుంటుంది అన్నది కొలవడం మా పని. కొలిచేది నేను కాదు, లైడార్ అనే తెల్ల డబ్బా. అది పైకి లేజరు కిరణాలు వదులుతుంది. నేను రోజూ దాని అద్దం తుడిచి, అంకెలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసి, హైదరాబాద్‌లో ఉన్న మా సారుకు పంపుతాను. డిగ్రీ చదివిన చౌకీదారును అనుకోండి.

ఆ డిగ్రీ చదివించింది మా అక్క. మిర్యాలగూడలో బియ్యం మిల్లులో ఇరవై ఏళ్లు ఊక ఊడ్చింది. బావ పోయాక ఒక్కతే ఉండేది. ఒకసారి నేనుండే చోటు చూస్తానని వచ్చి, డబ్బా చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"గాలి కండ్లకు కనవడదు గద, ఇదెట్ల సూస్తది?"

"గాలిని సూడదక్కా. గాలిల కొట్టుకపొయ్యే దుమ్మును సూస్తది. దుమ్ము లేకుంటె దీనికేం కనవడదు."

"ఓసోస్, గింతేనా! అయితే తీస్కపోయి మా మిల్లుల పెట్టు. మస్తు కనవడ్తది."

తన మాటకు తానే నవ్వింది. నవ్వు దగ్గయింది. గుట్ట దిగేదాకా ఆ దగ్గు ఆగలేదు.

మరుసటి వారం సూర్యాపేట దవాఖానకు రమ్మన్నాను. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చూపించింది. దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు గట్టిపడ్డాయట. ఇక మిల్లు మొహం చూడొద్దని, ఇట్లాగే పోతే బతకదని నాతో విడిగా చెప్పింది.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక అక్క మెల్లగా అడిగింది. నా ఎరుకలో ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

"గుట్ట కాడ నీ రూమున్నది గద తమ్మీ. కొన్నొద్దులు నీ కాడికి వస్త."

"ఇప్పుడు గాడ గూడ దుమ్మే అక్కా. ఎండాకాలం గద, నా డబ్బాకు సీజను. వానలు పడనీ, నేనే వచ్చి తీస్కపోత."

అది సగం నిజం. ఒక్క గదిలో రాత్రంతా ఆ దగ్గు వినలేననేది మిగతా సగం. సిగ్గులేని మాటే, కానీ నిజం. ఆమె ఒళ్లో బట్టల సంచి ఉంది. సర్దుకునే వచ్చింది. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను.

"సరే తియ్, వానలకే వస్త," అని మిర్యాలగూడ బస్సెక్కింది. ఇంట్లో కూర్చుంటే పొద్దుపోదంటూ మళ్లీ మిల్లుకే పోతున్నదని నాకు తెలుసు. గట్టిగా వద్దనలేదు.

ఆ ఎండాకాలం అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఒక్క పూట కూడా ఖాళీ లేదు. సారు ఫోన్ చేసి శభాష్ అన్నాడు. ఆ వారంలోనే మిల్లు మేస్త్రీ ఫోన్ చేశాడు. అక్క ఊక కుప్ప పక్కనే కూలబడిందట, దవాఖాన దాకా కూడా ప్రాణం నిలవలేదట.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూశాను, రాలేదు. అక్క ఇంట్లో మేకుకు ఆ బట్టల సంచి అట్లాగే వేలాడుతోంది. విప్పి చూస్తే రెండు చీరలు, టవలు, సబ్బుపెట్టె. అన్నీ మళ్లీ సర్ది అక్కడే తగిలించాను. అయిదో రోజు గుట్టకు వచ్చి అద్దం తుడిచాను.

ఇంకో పది రోజులకు వాన మొదలైంది. రెండు రోజులు కురిసి తెరిపిచ్చింది. గుట్ట మీద నుంచి ఎంత దూరమైనా కనబడుతోంది. ల్యాప్‌టాప్ తెరిస్తే సగం గళ్లు ఖాళీ. పది గంటలకల్లా సారు ఫోన్.

"ఏమయ్యా, డేటా లేదేంటి? డబ్బా పాడైందా?"

"డబ్బా మంచిగనే ఉంది సార్. వానలు పడ్డయి," అన్నాను. "గాలిల దుమ్ము లేదు."